మిరెయ్ ఎర్ర జోళ్ళు

పారిస్‌లో ఒపేరా వెనక వీధిలో ఉన్న చెప్పుల దుకాణం ముందు మిరెయ్ రోజూ ఆగుతుంది. చంకలో రొట్టె, నోట్లో ఏదో పాత కూనిరాగం. అద్దం వెనక ఉన్న మెత్తటి ఎర్ర బాలే జోళ్ళని చూసి, ధర చీటీ చదివి, "మూడు వందల యూరోలా!" అని బుగ్గలు నొక్కుకుని వెళ్ళిపోతుంది. నిన్న మాత్రం లోపలికి వెళ్ళింది. జోడు అందుకుని అడుగు అట్ట వంచి చూసింది, తోలు బయటికి మడిచింది.

"అయ్యో మేడమ్, పాడైపోతుంది!" అంది అమ్మే పిల్ల.

"ఏం కాదమ్మా. వీటిని తిరగేసి కుట్టి, చెయ్యి లోపల పెట్టి మళ్ళీ తిప్పుతారు. ఇరవై రెండేళ్ళు జోళ్ళ కార్ఖానాలో అదే పని చేశాను."

కుట్టు వెంట వేలు నడిపింది. దారం ఎక్కడా తప్పలేదు. పక్క బల్ల దగ్గర పాటలు పాడే అర్మెల్, తోలు వాసన, సాయంత్రానికి వాచిపోయే బొటనవేళ్ళు, అన్నీ గుర్తొచ్చాయి. ఆ కార్ఖానా మూతపడి పదిహేనేళ్ళు.

"నిజం చెప్పండి, అంత ధర చేస్తాయా?" పిల్ల గొంతు తగ్గించి అడిగింది.

"కుట్టుకి చేస్తాయి, పేరుకి చెయ్యవు." మిరెయ్ నవ్వింది. "కానీ వేల జతలు చేతులకే తొడుక్కున్నాను తల్లీ. ఒక్క జత కాళ్ళకి తొడుక్కోనీ."

పాత బూట్లు పెట్టెలో పెట్టించుకుని, వీధిలో నిలిచిన వాననీళ్ళు తప్పించుకుంటూ, కొత్తగా నడక నేర్చిన పిల్లలా మెల్లగా ఇంటికి నడిచింది.