నానక్‌రామ్‌గూడ దారిలో చెదిరిన కార్డులు

దయ్యాలన్నా మహిమలన్నా నాకు మొదటినుంచీ నవ్వే. మా ఆవిడ దిష్టి తీస్తానంటే పేపరు అడ్డం పెట్టుకునే రకం నేను. అలాంటివాణ్ణి ఇది చెబుతున్నాను.

డెబ్బైల్లో మాట. హైదరాబాద్‌లో ఒక కంప్యూటర్ విభాగంలో పనిచేసేవాణ్ణి. వాడేవాళ్ళకు ఏం కావాలో కనుక్కుని, ప్రోగ్రాం రాసేవాళ్ళకు చెప్పి, ఇద్దరిచేతా తిట్లు తినడం నా ఉద్యోగం. ఇప్పుడు మా మనవరాలు అదే పని చేస్తూ ప్రొడక్ట్ మేనేజర్‌నని గొప్పగా చెప్పుకుంటుంది. మాకప్పుడు తిట్లే తప్ప పేరు లేదు.

ఆ ఏడు ఒక దవాఖాన కోసం ప్రోగ్రాం చేయించాం. మొదటి టీకా వేయించుకుని రెండోదానికి రాని పిల్లల పేర్లు అచ్చేసి ఇవ్వాలి. అడిగింది అనసూయమ్మ అనే నర్సు. అలా రాకుండా జబ్బుపడ్డ పిల్లల్ని చూసి చూసి ఆమె ప్రాణం విసిగిపోయింది. ఆమె పై అధికారికి మాత్రం కంప్యూటరంటే నమ్మకం లేదు. ఒక్కసారి చూస్తానని, నడవకపోతే మళ్ళీ ఆ మాట ఎత్తొద్దని అన్నాడు.

అతనికి చూపించాల్సిన రోజు పొద్దున్నంతా ప్రోగ్రామర్లను బతిమాలడంతోనే సరిపోయింది. ప్రోగ్రాం అంటే అప్పట్లో చిల్లులు పొడిచిన అట్టకార్డుల కట్ట. వరుస తప్పితే అంతా గంగలో కలిసినట్టే. హడావిడిలో వాటి మీద వరుస నంబర్లు కూడా వేయలేదు. మెషీను ఊరి బయట ఉండేది. మధ్యాహ్నం కార్డుల ట్రే ఒళ్ళో పెట్టుకుని జీపెక్కాను.

నానక్‌రామ్‌గూడ దాటాక గుంతలో జీపు ఎగిరిపడింది. ట్రే వెళ్ళి రాళ్ళ మీద బోర్లాపడింది. కార్డులు గాలికి చెల్లాచెదురయ్యాయి. నాకు ఏడుపొచ్చినంత పనైంది.

మేకలు కాసుకుంటున్న ఒక ముసలామె వచ్చి ఏరడం మొదలుపెట్టింది.

“ఏందివి కొడుకా?”

“పిల్లల టీకాల లెక్కలమ్మా.”

“అయితే ఫికర్ జెయ్యకు. జర నిమ్మళంగ ఏరు.”

కాగితం కాలికి తగిలితే కళ్ళకద్దుకోవడం మనందరికీ అలవాటే. ఆమె ఏరిన ప్రతి కార్డునూ కళ్ళకద్దుకుని మరీ ట్రేలో వేసింది. నేనూ డ్రైవరూ మాత్రం గుప్పిళ్ళతో కుక్కేశాం. కొన్నింటిని తలకిందులుగా పెట్టింది నా చేతులే.

మెషీను దగ్గరికి వెళ్ళేసరికి అధికారీ అనసూయమ్మా వచ్చి కూర్చున్నారు. కార్డులు కలిసిపోయాయని చెప్పబోతూ ట్రే వైపు చూశాను. తలకిందులైతే తెలిసిపోయేలా ప్రతి కార్డుకూ ఒక మూల కత్తిరించి ఉంటుంది. ఆ మూలలన్నీ ఒకే వైపున ఉన్నాయి. ఆ మూలల్ని వేలితో తడుముతూ నిలబడ్డాను.

“ఏంది సార్, గట్లనే నిలవడ్డరు? వెట్టుండ్రి” అంది అనసూయమ్మ.

పెట్టాను. ప్రోగ్రాం ఎక్కడా ఆగకుండా నడిచింది. పేర్లు బయటికి రావడం మొదలైంది. అనసూయమ్మ మొదటి కాగితం చించుకుని చదివింది.

“గీ పిల్ల తల్లి నాకెరుకే. రేపే పోత.”

అధికారి వచ్చే నెల కూడా ఈ జాబితా కావాలన్నాడు.

తర్వాత ఆ ముసలామెను వెతుక్కుంటూ వెళ్ళాను. అక్కడే ఉంది, అవే మేకలతో. ఏం చేశావమ్మా అనడిగితే పకపకా నవ్వింది.

“నాకు సదువేడిది కొడుకా? కిందవడ్డయి ఏరిన, అంతే. పిల్లలకు సూదులు ఏసిండ్రా?”

ఇప్పుడు ఆ రాళ్ళ చోట మా మనవరాలి ఆఫీసుంది. అప్పుడు కార్డులు కట్టలు కట్టలుగా పడి ఉంటాయి తాతయ్యా, అందుకే వరుస తప్పలేదు, అంటుంది. అయ్యుండొచ్చు. మరి నేను తలకిందులుగా పెట్టినవో అంటే నవ్వి ఫోన్ చూసుకుంటుంది.

అవి ఎలా సర్దుకున్నాయో నాకు ఇప్పటికీ తెలియదు. ఆ మొదటి కాగితంలోని పిల్ల మాత్రం రెండో టీకాకు వచ్చింది.