బూటు లోపలి నంబరు

మా సెవ్లియెవో ఊళ్లో ఎవరైనా పోతే ముందు పూజారి దగ్గరికి, తర్వాత నా దగ్గరికి వస్తారు. బస్టాండు వెనక సందులో నాదొక చిన్న అచ్చు కొట్టు. పోయినవాళ్ల ఫొటో, పేరు, వయసు, చుట్టూ నల్ల అంచు వేసి చావు కాగితాలు తీసిస్తాను. వాటిని తలుపుల మీదా, కరెంటు స్తంభాల మీదా, బస్టాండు గోడ మీదా అంటిస్తారు. నలభయ్యో రోజుకు ఒకటి, ఆర్నెల్లకు ఒకటి, ఏడాదికి ఒకటి. రొట్టె కోసం బయల్దేరిన ప్రతి మనిషీ ఆగి చదివి, ఎవరు పోయారో చూసుకుని ముందుకు సాగుతాడు. అంటించిన కాగితాన్ని మాత్రం ఎవరూ చించరు. వానకు నానో, ఎండకు చివికో అదే రాలిపోవాలి.

ఇదంతా ఎందుకు చెబుతున్నానంటే, ఎదురు కొట్టు త్సోనా దుకాణం చచ్చిపోయిందని లోకమంతా చాటింపు పడటానికి కారణం నేను అచ్చేసిన కాగితమే.

త్సోనాకు అరవై ఎనిమిదేళ్లు. పంతొమ్మిదో ఏట మింకోను పెళ్లి చేసుకుని ఆ కొట్లోకి వచ్చింది, మళ్లీ బయటికి పోలేదు. ఒక కాలు పొట్టిగా ఉన్నవాళ్లకు బూటు అడుగుభాగం మందం పెంచి చేయడం వాళ్ల పని. చుట్టుపక్కల మూడు నాలుగు జిల్లాల్లో ఆ పని చేసేవాళ్లు వేరే లేరు. మింకో అడుగుభాగం చెక్కేవాడు, ఈమె పైతోలు కుట్టేది. బూటు చేతికిచ్చే ముందు లోపలి అట్ట ఎత్తి, దాని కింద కొట్టు ఫోన్ నంబరు రాసేది. ఎందుకమ్మా అంటే, "కొత్త బూటు కరవక మానదు. కరిస్తే ఎవరితో చెప్పుకోవాలి, నాతోనే కదా," అనేది.

జనవరిలో మింకో పోయాడు. వారం తిరక్కుండా త్సోనా కొట్టు తెరిచింది. తలుపుకు నల్ల రిబ్బను, దాని కింద నా కాగితం. అడుగుభాగం చెక్కడం కూడా తనే చేసుకుంది. కానీ మార్చి నుంచి బయటి ఊళ్లవాళ్లు రావడం మానేశారు. "వాళ్లంతా మింకో చేతిపని చూసి వచ్చారు గెనాదీ, నన్ను చూసి కాదు," అని ఒకరోజు కాఫీ తాగుతూ అంది.

జూన్‌లో ఒక డ్రైవరు నా కొట్టుకు వచ్చి, ఎదురుగా బూట్లు చేసే ముసలావిడ కూడా పోయిందా అని అడిగాడు. ఆమె అప్పుడు కిటికీలో కూర్చుని తోలు కోస్తోంది. నీకెవరు చెప్పారయ్యా అంటే ఫోన్ చూపించాడు. దారి చూపే మ్యాపులో ఆ కొట్టు పేరు కింద ఎర్రటి అక్షరాలు, "శాశ్వతంగా మూసివేయబడింది" అని. పక్కన తలుపు ఫొటో, దాని మీద మింకో కాగితం. దారిన పోయేవాడెవడో ఫొటో తీసి పంపాడు. నల్ల అంచు చూసి ఏదో యంత్రం తీర్పు చెప్పేసింది.

విషయం చెబితే త్సోనా మొదట ఊపిరి పీల్చుకుంది. "అయితే నా చేతిపని బాగాలేక కాదన్నమాట. సరే, ఆ కంపెనీకి ఫోన్ చేసి తెరిచే ఉందని చెప్పు."

ఐదు నిమిషాల పని అనుకున్నాను. నా అంత వెర్రివెధవ ఇంకొకడుండడు.

వాళ్ల సహాయం పేజీలో నంబరు లేదు. ప్రశ్నలున్నాయి. ఒక ప్రశ్న నొక్కితే ఇంకో నాలుగు ప్రశ్నలు, చివర "ఈ సమాధానం ఉపయోగపడిందా?" అని. కాదు అంటే మళ్లీ మొదటి పేజీ. మూలన ఒక బుడగ ఉంది, మాట్లాడే యంత్రం. "నమస్కారం, మీకు సహాయపడటం నాకు సంతోషం," అంది. కొట్టు తెరిచే ఉందని రాశాను. "మూసివేసినందుకు విచారిస్తున్నాము," అంది. మనిషితో మాట్లాడాలి అని రాశాను. "మనిషి అనే పేరుతో దుకాణమేదీ కనబడలేదు," అంది. ఒళ్లు మండిపోయి కీబోర్డు మీద ఒక్క గుద్దు గుద్దాను. ఒక అక్షరం ఊడింది.

"ఇంత పెద్ద కంపెనీ అంటావు, ఫోన్ లేదా?" అంది త్సోనా.

"అందరి ఫోన్లలోనూ ఉండేది వాళ్లే అక్కా. వాళ్లకు మాత్రం ఫోన్ లేదు."

"మరి వాళ్ల బూటు కరిస్తే ఎవరితో చెప్పుకోవాలి?"

జూలై అంతా అదే గోల. తెరిచి ఉన్నట్టు రుజువుగా తలుపు ఫొటో పంపమన్నారు. పంపాను. తిప్పికొట్టారు. అప్పటికి నలభయ్యో రోజుదీ, ఆర్నెల్లదీ కూడా వచ్చి చేరాయి, తలుపు మీద మింకోలు ముగ్గురయ్యారు. మూడోసారి కూడా తిరిగొచ్చాక ఉండబట్టలేక అన్నాను, "అక్కా, ఐదు నిమిషాలు ఆ కాగితాలు తీస్తాను. ఫొటో అవగానే మళ్లీ అంటించేస్తా."

ఆమె కత్తి కింద పెట్టింది. "నువ్వేనా ఈ మాటంటున్నది? నీ చేత్తో అచ్చేసి, నీ చేత్తోనే చించుతావా? ఆయన నలభై తొమ్మిదేళ్లు తీసిన తలుపది. ఎవరో మొహం తెలియని యంత్రం కోసం ఆయన్ని అవతలికి జరగమనాలా?"

"కొట్టు మూతపడితే ఆ తలుపే ఉండదు కదా."

"పో గెనాదీ, నీ పని చూసుకో."

పది రోజులు మాటల్లేవు. నా మాటలో తప్పు లేదు. ఆమె మాటలోనూ లేదు. అందుకే ఇద్దరికీ కోపం తగ్గలేదు.

కొట్టు యజమాని కూంచో ఏటా దిమిత్రి పండగ నాడు, అంటే అక్టోబరు ఇరవై ఆరున, ఒప్పందం తిరగరాస్తాడు. సెప్టెంబరులోనే వచ్చి, "ఖాళీగా కూర్చోడానికి నీకు కొట్టెందుకు వదినా? సెల్‌ఫోన్లు బాగుచేసేవాడు అడుగుతున్నాడు," అన్నాడు. అప్పటిదాకా చూస్తానంది. ఆ సాయంత్రం మింకో బల్ల మీద సుత్తులు వరసగా పేర్చి పెడుతుంటే కిటికీలోంచి చూశాను. సర్దుకుంటోందేమో అనుకున్నాను.

మర్నాడు ఫొటో పట్టుకుని నా కొట్టుకు వచ్చింది. ఎవరిదో పెళ్లిలో నవ్వుతూ దిగింది. "నాకూ ఒకటి అచ్చెయ్యి. నల్ల అంచుతో."

"ఊరుకో అక్కా. బతికున్న మనిషికి అదేం పాపిష్టి పని?"

"బతికున్నానని చెబితే వినే నాథుడు లేడు. ఈ ఊళ్లో నల్ల అంచుంటేనే ఆగి చదువుతారు. రాసుకో."

చెప్పినట్టే రాశాను. "త్సోనా దిమోవా, 68 ఏళ్లు. బతికే ఉంది. పోయినవాడు నా మొగుడు, నా కొట్టు కాదు. బస్టాండు వెనక సందు, నల్ల రిబ్బను తలుపు. తొమ్మిది నుంచి ఆరు దాకా. ఫోన్ చేస్తే ఎత్తుతాను." కింద నంబరు.

ఊరంతా అంటించాం. సగం మంది నవ్వారు, సగం మంది శిలువ గుర్తు వేసుకున్నారు. పూజారి రెండు రోజులు నా నమస్కారం అందుకోలేదు.

వారానికి రంగెల్ వచ్చాడు. ప్లెవెన్ దగ్గర పల్లెలో తేనెటీగలు పెంచే మనిషి, ఎడమ కాలు నాలుగు వేళ్ల వెడల్పంత పొట్టి. తేనె అమ్ముకోవడానికి వచ్చి, బస్సు దిగి గోడ మీద చదివి నేరుగా వచ్చేశాడట. బూటు మడమ అరిగి పక్కకు ఒరిగింది, నడుము నొప్పికి శాలువా బిగించి కట్టుకున్నాడు.

"ఇన్నాళ్లూ ఇలాగే నడిచావా?" అంది త్సోనా.

"ఏప్రిల్‌లో వచ్చానమ్మా. బస్సు దిగి సందు ఎటో గుర్తు రాక ఫోన్ తీశాను. మూసేశారని ఉంది, అయ్యగారి కాగితం కూడా కనబడింది. అటునుంచి అటే వెనక్కి పోయాను."

"రెండు వందల అడుగుల దూరం కూడా లేదు కదయ్యా. నంబరు బూట్లోనే ఉందిగా, ఒక్క ఫోన్ చెయ్యొద్దూ?"

"చావు జరిగిన ఇంటికి ఫోన్ చేసి బూటెప్పుడిస్తారని ఎలా అడగనమ్మా?"

త్సోనా ఏడ్చింది. మింకో పోయినప్పుడు కూడా ఆమె మా ముందు ఏడవలేదు. పక్కకు ఒరిగిన ఆ బూటును ఒళ్లో పెట్టుకుని, ఎంతమంది ఇలా తిరిగిపోయారో అంటూ ఏడ్చింది. రంగెల్ తేనె సీసా పట్టుకుని నిలబడిపోయాడు.

ఆ తర్వాత ఇంకో ఇద్దరు వచ్చారు. గోడ కాగితం చదివే వచ్చారు. దిమిత్రి పండగ నాడు కూంచో తాళాల కోసం వస్తే, "వచ్చే ఏడు రా," అని ఒప్పందం మీద సంతకం పెట్టి పంపింది. సెల్‌ఫోన్లవాడికి వేరే చోటు చూసుకోమని చెప్పమంది.

అదే రోజు నాకు కంపెనీ నుంచి ఉత్తరం వచ్చింది, నాలుగు నెలల తర్వాత. రంగెల్ కొత్త బూటు కోసం వచ్చి కూర్చున్నాడు, నేను పైకి చదివాను. "ప్రియమైన వినియోగదారుడా, మాకు అందిన తాజా ఫొటో ప్రకారం యజమాని త్సోనా దిమోవా మరణం ధ్రువీకరించబడింది. మా సానుభూతి. మీ సమస్య పరిష్కరించబడింది. మా సేవకు ఎన్ని నక్షత్రాలు ఇస్తారు?"

రంగెల్ తల దించుకున్నాడు. నేను అచ్చేసిన మొదటి కాగితం కొట్టును చంపింది, ఇది ఆమెను చంపింది.

త్సోనా అడిగింది, "కింద నంబరేమైనా ఇచ్చారా?"

"లేదక్కా."

"అయితే పక్కన పెట్టు," అని కొత్త బూటు లోపలి అట్ట ఎత్తి, కళ్లజోడు సరిచేసుకుని నంబరు రాసింది. ఈసారి దాని కింద ఇంకో మాట కూడా చేర్చింది: చచ్చానని విన్నా సరే, ఫోన్ చెయ్యి.