ఏసీ వెనక నూనెసీసా

ఈ ఉదయం కొబ్బరినూనె సీసా వంపితే చుక్క రాలేదు. ఏసీ చలికి తెల్లగా గడ్డకట్టుకుపోయింది. మూత తీసి ముక్కు దగ్గర పెట్టుకున్నాను. ఆ వాసనతో మస్కట్ విమానాశ్రయం దగ్గర సీబ్‌లో మేమున్న రెండు గదుల ఇల్లు, గోడలో బిగించిన పాత కిటికీ ఏసీ, దాని రొద, బాల్కనీలో దాని వెనక వేడిగాలి తగిలేచోట నాన్న నిలబెట్టే నూనెసీసా, అన్నీ వరసగా గుర్తొచ్చాయి.

మాది గోదావరి జిల్లా. నాన్న మస్కట్‌లో ఒక కంపెనీలో ఏసీ మెకానిక్. తొంభైల మొదట్లో, నాకు ఎనిమిదేళ్లప్పుడు, అమ్మకి పక్షవాతం వచ్చి కుడిచెయ్యి పడిపోయింది, మాట ముద్దయింది. అంతకుముందు మా ఇంట్లో చాలా చప్పుళ్లుండేవి: పోపు చిటపటలు, క్రిస్మస్ ముందు అరిసెల పిండి పట్టే మిక్సీ మోత, గిన్నెలు తోముతూ అమ్మ పాడే కీర్తనలు, విమానం పోయినప్పుడల్లా అలమరలో స్టీలు గ్లాసుల గలగల. ఆ తరవాత విమానాలూ ఏసీ మాత్రమే మిగిలాయి. ఎండకి వీధిలో పిల్లలెవరూ ఉండరు. బడి నుంచి వచ్చి అమ్మ మంచం పక్కన నాతో నేనే గోళీలాడేవాణ్ణి, కుడిచేతి జట్టూ ఎడమచేతి జట్టూ.

నాన్న డ్యూటీ బండి ఆరింటికి వచ్చేది. అందుకని ఐదున్నరకల్లా నూనె కరగాలి. అమ్మని కుర్చీలో కూచోబెట్టి, మిషను విప్పే పద్ధతిలోనే పని మొదలెట్టేవాడు: ముందు నూనె, తరవాత కొసల నుంచి పైకి చిక్కు తీయడం, తరవాత మూడు పాయలూ సమానంగా ఉన్నాయో లేదో చేత్తో తూచి చూడటం. చివర రబ్బరుబ్యాండు తెగితే నల్ల ఇన్సులేషన్ టేపు చుట్టేసేవాడు. ఆ పావుగంటా వాళ్లిద్దరికీ నేను కనపడేవాణ్ణి కాదు. వంటింటి గడపలో నిలబడి ఖుబ్బూస్ రొట్టె పాలలో ముంచుకుని తింటూండేవాణ్ణి.

అక్కడ సెలవు శుక్రవారం కాబట్టి మా ఆదివారపు ఆరాధన కూడా శుక్రవారమే. కడప నుంచి వచ్చి ఇళ్లలో పనిచేసే మరియమ్మ ఆంటీ ఒకసారి ఆ టేపు చూసేసింది.

"ఏందన్నా, వదినెకు జడేసినావా, వైరు జాయింటు జేసినావా?"

"షాకు కొట్టదులే చెల్లెమ్మా" అన్నాడు నాన్న.

అమ్మ వంకరపోయిన పెదవితో నవ్వింది. జబ్బు చేశాక అదే మొదటి నవ్వు.

ఆ ఏడాదే నాన్నకి దూరాన సూర్ అనే ఊళ్లో ఫోర్‌మన్ పని ఇస్తామన్నారు. వారమంతా అక్కడి క్యాంపులోనే ఉండాలి. అంటే అమ్మనీ నన్నూ ఊరికి పంపెయ్యాలి. పాస్టరుగారు సంతోషపడ్డారు. "సూర్‌లో మనవాళ్లకి కూడిక లేదయ్యా. నువ్వెళ్తే అక్కడ పరిచర్య మొదలవుతుంది."

పరిచర్యంటే మైకు ముందు నిలబడి వాక్యం చెప్పడం అనుకునేవాణ్ణి. నాన్నకేమో పదిమందిలో నోరు పెగలదు.

మర్నాడు జడ వేస్తుంటే అమ్మే అంది, ఒక్కో మాటా కూడగట్టుకుని: "మమ్మల్ని పంపించెయ్యండి. అక్కడ మా వదిన వేస్తాది జడ. అక్కడ నూనె గడ్డకట్టదు."

నాన్న మూడో పాయ చేతిలో పట్టుకుని ఆగిపోయాడు. నా గ్లాసులో రొట్టె నానిపోతోంది. ఊళ్లో ఆడుకోడానికి పిల్లలుంటారు. సరే అంటే బాగుండునని గట్టిగా అనుకున్నాను.

"మీ వదిన బిగించేస్తాది. నీకు తలనొప్పి" అని జడ పూర్తిచేశాడు.

తరవాతి శుక్రవారం పాస్టరుగారి దగ్గర చేతులు కట్టుకుని నిలబడ్డాడు. "ఆయ్, ఎళ్లలేనండి అయ్యగారూ. పొద్దున్నే నాకిక్కడ పరిచర్య ఉందండి."

పాస్టరుగారు అమ్మ జడ వైపు చూసి, నాన్న భుజం తట్టారు.

సూర్‌కి వేరే ఎవరో వెళ్లారు. నాన్న చివరిదాకా మెకానిక్కే. నేను నా గోళీల దగ్గరికే వెళ్లాను. పదేళ్లు ఆ జడ వేశాడు. అమ్మ పోయిన రోజు మరియమ్మ ఆంటీ దువ్వెన తీయబోతే, "నువ్వుండు చెల్లెమ్మా" అని తనే తీసుకున్నాడు. ఆ రోజు కింద బండేదీ ఎదురుచూడటం లేదు. వేసిన జడ విప్పి మళ్లీ వేశాడు. కొసకి టేపు చుట్టాడు.

ఇప్పుడు నాన్నా లేడు. నేను మస్కట్‌లో పెద్ద భవనాలకి ఏసీలు డిజైన్ చేస్తాను, ఒక్కణ్ణే ఉంటాను. కిటికీ ఏసీలు పోయాయి; మా భవనంలో గదులన్నిటి వేడీ గొట్టాల్లో డాబా మీదికి వెళ్లిపోతుంది, డాబా తలుపుకేమో తాళం. కొబ్బరినూనె ఏ డిగ్రీ దగ్గర గడ్డకడుతుందో నాకు తెలుసు. నాన్నకి తెలిసింది ఆరింటి బండి ఒక్కటే.

సీసాని రెండు అరచేతుల మధ్య పెట్టుకుని కూచున్నాను. ఒక్కడి చేతుల వేడికి చాలాసేపు పడుతుంది.