మాస్టర్‌కు పెట్టిన బొట్టు

ఆయుధ పూజ అయిన మూడో రోజు, శుక్రవారం, పొద్దున పదకొండు గంటల పది నిమిషాలు. హిందూపురంలో నేను పని చేసే షెడ్డులో మాస్టర్ సెన్సార్ నెత్తిని తడిగుడ్డతో తుడిచాను. గుడ్డ ఎర్రగా వచ్చింది.

ఫ్యాక్టరీల్లో మోటార్లకు, ఫ్యాన్లకు బిగిస్తే అవి ఎంత అదురుతున్నాయో చెప్పే సెన్సార్లు మా దగ్గరికి పరీక్షకు వస్తాయి. బొటనవేలంత ఉంటాయి. ఊగే బల్ల మీద నిజం చెప్పే మాస్టర్ ఉంటుంది. దాని నెత్తిన వచ్చిన సెన్సార్‌ను బిగించి, రెండూ చెప్పేది పోల్చి, చీటీ మీద ఒక అంకె రాస్తాం. ఆ అంకెనే ఫ్యాక్టరీవాళ్లు మీటరుకు ఎక్కిస్తారు. బిగించిన చోట రెండింటి మధ్య వెంట్రుక కూడా ఉండకూడదు. నాకు అక్షరాలు యాభై దాటాక వచ్చాయి. ఆ అంకె రాసే పని నాదే.

పూజ రోజు పానాలకు, సుత్తులకు పసుపు రాసి బొట్టు పెట్టాను. మాస్టర్‌కు పెట్టకపోతే ఇంక దేనికి పెట్టాలి? పెట్టిన బొట్టు ఆ రోజే తుడవకూడదని మా ఇంటి ఆచారం. మరునాడు పొడిగుడ్డతో తుడిచాను. సెన్సార్‌ను బిగించే మర చుట్టూ ఎండిన పొర మిగిలింది. నేను చూడలేదు. దాని మీదే, పెనుకొండ దగ్గరి ఇనుము కరిగించే ఫ్యాక్టరీ నుంచి వచ్చిన సెన్సార్‌ను బిగించాం. కుదురుగా కూర్చోక అది ఎక్కువ ఊగింది. నేను పెద్ద అంకె రాశాను. మీటరు ఆ అంకెతో భాగించి చూపిస్తుంది గనక, చీటీలో అంకె పెద్దదైతే అక్కడ అదురు తక్కువగా కనిపిస్తుంది.

ఆ ఫ్యాక్టరీలో కొలిమికి గాలి కొట్టే పెద్ద ఫ్యాను, బ్లోయర్ దగ్గర డ్యూటీ చేసేది మా తమ్ముడు.

మా షెడ్డు ఇంజనీరమ్మకు గుడ్డ చూపించాను. "ఏం పెద్దాయనా, బొట్టు పెట్టి ఊరుకున్నావా? నైవేద్యం మరిచినావే!" అంటూనే ఫ్యాక్టరీ ఆఫీసుకు ఫోన్ చేసింది. ఎవరూ ఎత్తలేదు. నేను తమ్ముడికి చేశాను.

"యాడుండావురా?"

"బ్లోయర్ కాడే ఉండా. ఏందన్నా?"

"మీటరు ఏం చూపిస్తాంది?"

"పచ్చ లైటు. ముందు పసుపు లైటు వస్తా పోతా ఉండె. నిన్న మీ సెన్సార్ బిగించినప్పటి నుంచి పచ్చే. నీ చేతి మహిమ!"

"నా రాత తప్పురా. బేరింగు పెట్టె మీద చెయ్యి పెట్టి చూడు."

ధర్మవరంలో మా నాయన మగ్గం చట్రం మీద అరచెయ్యి ఆనించి చూశాకే నేసేందుకు గుంటలోకి దిగేవాడు. ఆ చూపు మా ఇద్దరికీ వచ్చు.

ఫోన్‌లో గాలి హోరు. వాడి నవ్వు ఆగిపోయింది.

"చెయ్యి నిలవల్యా అన్నా. కాలుతాంది, ఎగిరెగిరి తంతాంది."

"ఆపెయ్. ఆపి దూరం పో."

"సూపర్‌వైజరును అడగాల..."

"అడిగేదానికి నువ్వుండవు రా! ఆపు!"

హోరు కొంచెం కొంచెంగా దిగింది. దిగుతుండగా ఇనుము ఇనుమును గీరిన చప్పుడు, ఒకటే, పొడుగ్గా. తర్వాత ఏమీ లేదు. ఫోన్ మాత్రం కట్ కాలేదు. ఇంజనీరమ్మ నా మోచెయ్యి పట్టుకుంది. చాలాసేపటికి వాడి గొంతు వచ్చింది.

"బేరింగు పగిలిపోయుండాది. చక్రం ఒక పక్కకు వాలింది."

ఆ రోజు ఉన్నవాళ్లు వీళ్లు. షెడ్డులో నేను, ఇంజనీరమ్మ. పెనుకొండ దగ్గర మా తమ్ముడు. చప్పుడు విని పరిగెత్తుకొచ్చిన సూపర్‌వైజరు. ఇంకా, బ్లోయర్ కింద బూడిద ఊడుస్తున్న ఇద్దరు ఆడవాళ్లు. చక్రం ఊడి ఉంటే ముందు వాళ్ల మీదే పడేది; వాళ్లు చీపురు ఆపి తల కూడా ఎత్తలేదట.