ఐదో కుర్చీ

మా డ్రమ్‌నగోల్ ప్రాథమిక బడి మీద పెట్రోలు సీసాలు పడింది ఆదివారం ప్రార్థన వేళ. పసిపిల్లలు దూదితో చేసుకున్న గొర్రెపిల్లలు గోడమీదే మాడిపోయాయి. గేటు మీద ఎర్ర రంగుతో రాసి పోయారు: "మూసెయ్యండి. ఈసారి పిల్లలున్నప్పుడే వేస్తాం."

ఉత్తర ఐర్లండులో కాథలిక్కు పిల్లలూ ప్రొటెస్టెంటు పిల్లలూ ఒకే బల్ల మీద కూర్చునే బడి అది. దాని నేరం అదే.

పోలీసులు తాళం వేశారు. బడి పాలకమండలి తీర్మానిస్తేనే తీస్తామన్నారు. జీతం లేని ఆ మండలికి పెద్ద విల్బర్ట్ గాల్ట్, ఇంటింటికీ బొగ్గు మూటలు వేసే మనిషి. ప్రొటెస్టెంటు. నేను కాథలిక్కుని. నా భర్త చనిపోయిన ఏడాది చలికాలమంతా ఆయన మూట దించి, అడక్కుండానే మా పొయ్యి రాజేసి వెళ్లేవాడు. దేవుడు ఆయన చేతుల్ని అలా వాడుకునేవాడు.

ఐదుగురు గదిలో ఉంటేనే సమావేశం చెల్లుతుంది. బెదిరింపులకి భయపడి కొందరు తప్పుకోగా మిగిలింది సరిగ్గా ఐదుగురం. ఒక్కరిని ఆపితే బడి తెరుచుకోదు. ఆ సంగతి ఊరంతటికీ తెలుసు.

శుక్రవారం మధ్యాహ్నం, విల్బర్ట్ సమావేశానికి వస్తుంటే, వంతెన దగ్గర బొగ్గు లారీకి ఇద్దరు ముసుగువాళ్లు అడ్డం నిలబడ్డారు.

"ఏరా ముసలోడా, మనోడివై ఉండి కాథలిక్కు పిల్లలకి కాపలా కుక్కవయ్యావా?"

ఆ గొంతు విల్బర్ట్ గుర్తుపట్టాడు. "మీ పాప హెదర్‌కి దగ్గు తగ్గిందా, మెర్విన్?" అని అడిగాడు.

ఇనప కడ్డీ మొహం మీద పడింది. కిందికి లాగి, పక్కటెముకలు విరిగేదాకా తన్నారు. కుడి చెయ్యి లారీ తలుపు సందులో పెట్టి, తలుపు మూశారు. మళ్లీ తెరిచి, మళ్లీ మూశారు.

మేం నలుగురం, సమావేశం కోసమని పోలీసులు తాళం తీసిచ్చిన, మాడిన వాసన వస్తున్న గదిలో, పసిపిల్లల కుర్చీల్లో మోకాళ్లు గడ్డానికి తగిలేలా కూర్చున్నాం.

"విల్బర్ట్ రాడేమో," అన్నాడు పాస్టర్ లోగన్.

"వస్తాడు. బిస్కెట్లున్న చోటికి ఆయన రాకపోవడమా," అన్నాను.

తలుపు తెరుచుకుంది. విల్బర్ట్. ఒక కన్ను వాచి మూసుకుపోయింది. చొక్కా నిండా నెత్తురు. ఎడమ చేత్తో లారీ తోలుకుంటూ వచ్చాడు.

హెడ్మిస్ట్రెస్ డార్లిన్ కెవ్వుమంది. "ముందు ఆసుపత్రికి పదండి!"

"నేను లేస్తే మీరు నలుగురేనమ్మా. మొదలుపెట్టండి." ఆ చిన్న కుర్చీలో కూర్చున్నాడు. నలిగిన వేళ్ల నుంచి నెత్తురు నేల మీదికి కారుతూనే ఉంది. డార్లిన్ పిల్లల తువ్వాలు చుట్టింది.

"సోమవారం తెరవాలనేవాళ్లు?" అని అడిగాడు విల్బర్ట్.

ఐదు చేతులు లేచాయి. ఆయనది ఎడమది. డార్లిన్ తీర్మానం రాసి, అందరి చేతా సంతకాలు పెట్టించాక, విల్బర్ట్ కుర్చీతో సహా పక్కకి ఒరిగిపోయాడు.

ఆ వేళ్లు మళ్లీ బొగ్గు మూట పట్టలేదు.

సోమవారం ఆసుపత్రి వాళ్లు వద్దన్నా వచ్చి, కట్లతో గేటు దగ్గర నిలబడ్డాడు. పిల్లలు కొద్దిమందే వచ్చారు. చివరగా మెర్విన్ భార్య, కూతురు హెదర్‌ని చెయ్యి పట్టుకుని తీసుకొచ్చింది. ఆ తల్లి పెదవి చీలి ఉంది. మెడ మీద వేళ్ల అచ్చులు.

"దీనికి దగ్గు తగ్గిందండీ," అంది ఆమె, విల్బర్ట్ కంటికేసి చూడలేక.

ఆయన వంగలేక వంగి, ఎడమ చేత్తో ఆ పిల్ల సంచి అందుకున్నాడు.