చదవని రెండో వాక్యం

మా ఆయన స్నేహితుడు ఆదివారాలు ఝరాసంగం నుంచి గడుల అట్ట మీద ఆడే యుద్ధం ఆట పెట్టె పట్టుకొని మా ఇంటికి వచ్చేవాడు. ఓడిన దళం వెనక్కి తగ్గాల్సి వచ్చినప్పుడల్లా ఆ దళం గుర్తుగా ఉన్న అట్టబిళ్ళ మీద వేలు ఆనించి, ఇంగ్లీషులో ఉన్న రూల్సు పుస్తకాన్ని నా వైపు జరిపేవాడు.

"జర సదివి చెప్పు వదినా. నువ్వు చెప్పిందే ఫైనల్."

నేను చెప్పేదాకా వేలు తీసేవాడు కాదు.

అప్పుడు మా పాపది పాకే వయసు. కింద పడిన బిళ్ళను మింగేస్తుందేమోనని నాకు ఒకటే భయం. ఆట తొందరగా అయిపోతే చాలనిపించేది. ఒకరోజు మొదటి వాక్యం మాత్రమే చదివాను: శత్రువు పక్కనున్న గడి మీదుగా వెనక్కి పోకూడదు. ఆ గడిలో మనవాళ్ళుంటే పోవచ్చన్న రెండో వాక్యం వదిలేశాను. అతని దళానికి మిగిలింది అతనివాళ్ళే ఉన్న అలాంటి ఒక్క గడి దారే.

"అయితే సచ్చినట్టే," అని నవ్వి బిళ్ళ తీసేశాడు. మా ఆయన గెలిచాడు.

నిన్న ఫోన్ చేశాడు.

"వదినా, కోహీర్‌ల ఒకాయన ఆ రూల్ గట్ల లేదంటున్నడు. మా వదిన తప్పు చెప్పదని కొట్లాడి వచ్చిన. పేజీ ఫొటో పంపుత, మల్లొక్కసారి సదువుతవా?"

"పాప ఏడుస్తుంది, తర్వాత చూసి చెప్త," అన్నాను.

పాప నిద్రలో ఉంది. ఫొటో వచ్చింది, ఇంకా తెరవలేదు. ఆ వాక్యం నాకు చూడకుండానే వచ్చు.