కిరాయి సిపాయి

పెళ్లయి ఇనుపగనుల ఊరు బచేలి వచ్చిన మొదటి ఏడాది నేను ఎక్కువగా మాట్లాడింది కంప్యూటర్ ఆటలోని ఒక సిపాయితో. ఈ సంగతి మా ఆయనకి తప్ప ఎవరికీ చెప్పలేదు.

ఆయన ఇనుపరాయి మోసే గూడ్సుబళ్లకి డ్రైవరు. డ్యూటీకి వెళితే రెండు రోజులకో మూడు రోజులకో వచ్చేవారు. నేను శ్రీకాకుళం పక్క పల్లెనుంచి వచ్చినదాన్ని, హిందీ రాదు. రైల్వే క్వార్టర్లలో తెలుగువాళ్లున్నా మా వరసలో ఎవరూ లేరు. సంతలో వేలు చూపించి కూరలు కొనుక్కునేదాన్ని. ఆయన డిపార్టుమెంటు పరీక్షకి చదువుకోడానికని ఒక పాత కంప్యూటరు కొన్నారు. జగదల్‌పూర్‌లో అమ్మినతను అందులో ఆటొకటి వేసి ఇచ్చాడు. పదకొండుకల్లా వంటయిపోయేది. ఆ తరవాత ఏమీ తోచక, ఒకరోజు దాన్ని తెరిచాను.

గుహల్లోకి దిగాలి. రాక్షసుల్ని కొట్టాలి. గోడల్లో దొరికే ఇనుపరాయి తవ్వి, పైకి తెచ్చి, కొలిమిలో కరిగించి కత్తులూ కవచాలూ చేసుకోవాలి. బడిలో నేర్చిన ఇంగ్లీషుతో కూడబలుక్కుని చదివి, పది పదిహేనుసార్లు చచ్చి, నెమ్మదిగా నేర్చుకున్నాను. మూడో గుహ దాటాక కిరాయి సిపాయి దొరికాడు. నేనెటు వెళితే అటు వచ్చేవాడు. నేను ఆగితే ఆగేవాడు.

"అటెళ్లకు, గొయ్యుంది," అన్నాను ఒకరోజు పైకే. నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. ముందురోజు పొద్దున్నుంచీ ఎవరితోనూ మాట్లాడలేదని అప్పుడు తెలిసింది. తరవాత అలవాటైపోయింది. అతనికి నాకంటే మంచి కవచం చేసి తొడిగాను. అమ్మ రాసిన ఉత్తరాల్లో సంగతులు కూడా చెప్పేదాన్ని.

ఎనిమిదో గుహ అడుగున, నేను గాయాలు మాన్పే మందు సీసా తీసేలోపే అతను చచ్చిపోయాడు. కావాలంటే ఇంకొకణ్ణి పెట్టుకోమని తెరమీద వచ్చింది. కంప్యూటరు ఆపేసి ఏడిచాను.

సాయంత్రం ఆయన వచ్చారు. "కళ్లేటి అలా ఉన్నాయి?"

"తలనొప్పండి."

స్నానమైనా చెయ్యకుండా వెళ్లి మాత్రా, గ్లాసుతో నీళ్లూ తెచ్చారు. సిగ్గేసి మొత్తం చెప్పేశాను. నవ్వుతారనుకున్నాను. నవ్వలేదు.

"ఇంజన్లో నా పక్కన ఇంకొకడుంటాడు. వాడితో దెబ్బలాడుకునైనా పొద్దుపోతాది. నీ సంగతి ఆలోచించలేదు," అన్నారు. గ్లాసు కింద పెట్టి, "పక్కింటావిడ మంచిదే. పలకరించొచ్చు కదా."

"ఏ బాసలో?" అన్నాను.

ఆయన తువ్వాలు తీసుకుని స్నానానికి వెళ్లారు. మర్నాడు మళ్లీ డ్యూటీకి వెళ్లిపోయారు.

నేను ఇంకొకణ్ణి పెట్టుకోలేదు. ఒక్కదాన్నే దిగాను. ఆఖరి రాక్షసుడు పడిపోయేటప్పటికి రెండో రోజు మధ్యాహ్నమైంది. కొండమీద రాయి పేల్చిన మోతకి కిటికీ అద్దాలు అదిరాయి. గెలిచావని తెరమీద అక్షరాలు వచ్చాయి. వాటినే చూస్తూ కూచున్నాను. ఎవరికైనా చెప్పాలనిపించింది. ఇంట్లో ఎవరున్నారు?

బయటికొచ్చాను. పక్కింటావిడ అరుగుమీద చింతపండు గింజలు తీస్తోంది. ఆవిడది ఈ పక్క పల్లే. ఇంట్లో హల్బీ అనే ఇక్కడి బాస, బయట హిందీ మాట్లాడుతుంది.

"మై జీత్ గయీ," అన్నాను. నాకొచ్చిన నాలుగు హిందీ ముక్కల్లో అదొకటి.

"క్యా జీతీ?" ఏం గెలిచావని అడిగింది.

గుహని హిందీలో ఏమంటారో తెలీదు. కొలిమినీ తెలీదు. చేతులు తిప్పి ఊరుకున్నాను. ఆవిడ నన్నో క్షణం చూసి, చాపమీద పక్కకి జరిగి, "బైఠో" అంది. కూచున్నాక ఇంత చింతపండు నా ముందు పెట్టింది.

ఇద్దరం గింజలు తీశాం. మధ్యమధ్య ఆవిడ ఏదో చెప్పింది, నేను తలాడించాను. సగం కూడా అర్థం కాలేదు. ఎండ అరుగు దిగిపోయేదాకా అక్కడే ఉన్నాను.